పారాయణలో తెలియని పదం

గీతాపారాయణం చేసే సాధకుడు పదహారో అధ్యాయంలో అడుగుపెట్టి, దైవీసంపదను వర్ణించే మొదటి మూడు శ్లోకాలను చదువుతూ, అభయం, దానం, అహింస, సత్యం, అక్రోధం, త్యాగం, శాంతి అన్న పరిచితపదాల మీదుగా నిరాయాసంగా సాగిపోతూ, శాంతికీ దయకూ నడుమ నిలిచిన ‘అపైశునం’ దగ్గరకు వచ్చేసరికి అన్నంలో రాయి తగిలినట్లు ఒక్క క్షణం తడబడతాడు. ఆ తడబాటు ఎంతోసేపు నిలవదు. అనుష్టుప్పు నడక నాలుకను ముందుకు లాక్కుపోతుంది, ‘అలోలుప్త్వం’, ‘హ్రీ’, ‘అచాపలం’ కూడా అదే వరుసలో అర్థం అడిగించుకోకుండానే దాటిపోతాయి, పారాయణం నిర్విఘ్నంగా సమాప్తమై హారతి వెలుగుతుంది. భగవంతుడు దైవీసంపదగా ఎంచి చెప్పిన ఇరవై ఆరు గుణాలలో నాలుగైదు ఏమిటో తెలియకుండానే వాటి పఠనఫలం దక్కిందన్న తృప్తి మిగులుతుంది. అర్థం తెలియని పారాయణానికి ఫలమే లేదనడం సాహసం. నామోచ్చారణ మహిమ నామోచ్చారణకు ఉండనే ఉంది. అయితే తెలియని పదం ముందు బుద్ధి ఆగిన ఆ క్షణంలో ఏం జరిగిందో, దాన్ని దాటిపోవడంలో ఏం జారిపోయిందో విచారించడం కూడా ఉపాసనలో భాగమేనని పూర్వులు భావించారు.

మంత్రాలకు అర్థమే లేదని వాదించిన కౌత్సుడనే ప్రాచీనుణ్ణి యాస్కమహర్షి తన నిరుక్తంలో ప్రస్తావించి, ఆ వాదాన్ని ఖండిస్తూ, కళ్లు లేనివాడికి స్థాణువు, అంటే మోడు, కనిపించకపోతే ఆ అపరాధం స్థాణువుది కాదని సమాధానం చెప్పాడు. అదే గ్రంథంలో, అక్కడికి దగ్గరలోనే, వేదాన్ని అధ్యయనం చేసి అర్థం ఎరుగనివాడు కేవలం బరువు మోసే స్థాణువన్న హెచ్చరిక కూడా ఉంది. రెండు చోట్లా ఉన్నది ఆ మోడే. మొదటి చోట మోడు మంత్రం, రెండో చోట మోడు చదువరి. దారిలో నిలిచిన స్థాణువును చూడక తప్పుకుపోతూ వచ్చినవాడు క్రమంగా తానే స్థాణువైపోతాడన్న అంతరార్థం ఈ రెండు మాటలనూ పక్కపక్కన నిలిపినప్పుడు గోచరిస్తుంది. ఇందులో ఊరట కలిగించే సంగతీ ఒకటి ఉంది. యాస్కుడు వ్యాఖ్యానించిన వైదికనిఘంటువు ఐదు అధ్యాయాల పదపట్టిక కాగా, అందులో నాలుగో అధ్యాయం అచ్చంగా కఠినపదాల సంచయం. అంటే క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందే వేదంలోని మాటలు వేదపండితులకే అపరిచితమయ్యాయి. వారు అందుకు సిగ్గుపడక, వాటిని ఏరి ఒకచోట కూర్చి విచారణకు పీఠం వేశారు. కాబట్టి నేటి చదువరి తనకు ఒక పదం తెలియలేదని కుంచించుకుపోవలసిన పనిలేదు. ఆ కుంచించుకుపోవడంలో కూడా అహంకారమే ముడుచుకుని కూర్చుంటుంది.

పదానికీ అర్థానికీ గల సంబంధానికి శాస్త్రకారులు శక్తి అని పేరుపెట్టి, దాన్ని తెలుసుకోవడాన్ని శక్తిగ్రహం అన్నారు. ఈ శక్తిగ్రహానికి ఎనిమిది మార్గాలు ఉన్నాయని న్యాయసిద్ధాంతముక్తావళిలో విశ్వనాథ పంచాననుడు వివరించాడు: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివృతి, సిద్ధపదసాన్నిధ్యం. తెలియని మాట ఎదురుకాగానే కోశం ఒక్కటే దిక్కనుకునే చదువరి ఎనిమిది ద్వారాల ఇంటికి ఒకే వాకిలి ఉందనుకుంటున్నాడన్నమాట. గవయమృగాన్ని ఎన్నడూ చూడని పట్టణవాసి, అది గోవును పోలి ఉంటుందన్న అరణ్యవాసి మాటను మనస్సులో నిలుపుకొని అడవికి వెళ్లి, ఆ మృగం ఎదురైనప్పుడు ఇదే గవయమని గుర్తించడం ఉపమానం. మామిడిచెట్టు మీద పికం మధురంగా కూస్తున్నదని విన్నప్పుడు, మామిడి, మాధుర్యం, కూత అన్న తెలిసిన పదాల చెంత పికమంటే కోకిలేనని తోచడం సిద్ధపదసాన్నిధ్యం. తెలిసినవాటి నడుమ నిలిచిన తెలియనిది తనంతట తానే తేటపడుతుందన్న ఈ రహస్యం సత్సంగానికీ వర్తిస్తుంది. వీటన్నిటిలో వాక్యశేషం లోతైనది. యవలతో చరువు చేయాలన్న విధిలో, యవ అంటే కొందరు బార్లీ గింజలనీ మరికొందరు కొర్రలనీ వ్యవహరించడంతో సందేహం పుట్టింది. ఇతర ఓషధులన్నీ వాడిపోయే వేళ ఇవి మాత్రం కళకళలాడుతూ నిలుస్తాయని ఆ ప్రకరణపు తరువాయిలో ఉండడాన్ని బట్టి, బార్లీయే అర్థమని మీమాంసకులు నిర్ణయించారు. సందేహం పుట్టిన చోట సమాధానం లేదు, ఆ ముందున్న మాటలలో ఉంది, అక్కడిదాకా చదివే ఓర్పు కలవాడికే దొరికింది. జీవితంలో ఎదురయ్యే దుఃఖం కూడా చాలాసార్లు ఇటువంటి సందిగ్ధపదమే. వాక్యం ముగియకముందే దానికి అర్థం నిర్ణయించి దైవాన్ని నిందించడానికి తొందరపడేవాడు వాక్యశేషం చదవనివాడు.

తెలియనిదిగా కనిపించే పదం చాలాచోట్ల విడదీయని పదం మాత్రమే. వ్యాఖ్యానానికి ఐదు లక్షణాలు చెప్పిన ప్రాచీనులు పదచ్ఛేదాన్ని మొదట నిలిపి, ఆ తరువాతనే పదార్థోక్తి, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేపసమాధానం అన్నవాటిని చేర్చారు. దైవీసంపద చివర వచ్చే ‘నాతిమానితా’ అన్న మాటను చూడగానే తెలుగు చదువరి మనస్సు అప్రయత్నంగా నాతి వైపు, అంటే స్త్రీ వైపు, పోయి తికమకపడడం కద్దు. న, అతిమానితా అని విడగొట్టగానే, తన్ను తాను మితిమించి గౌరవించుకోకపోవడమన్న అర్థం స్పష్టమై, నాతికి ఇందులో ప్రమేయమే లేదని తేలుతుంది. బయట పదచ్ఛేదమైనది లోపల వివేకమవుతుంది. దేహమూ మనస్సూ వాటిని చూసే సాక్షీ సంధి కుదిరి ఒకే పదంగా ధ్వనిస్తూ ఉండగా, విరుపు ఎక్కడ ఉందో కనిపెట్టి విడదీయడాన్నే వేదాంతులు ఆత్మానాత్మవివేకమన్నారు. నేటి మెదక్ ప్రాంతపు కొల్చారం స్వగ్రామమని ప్రతీతి పొందిన కోలాచల మల్లినాథసూరి, కాళిదాసకావ్యాలకు వ్యాఖ్య రచిస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. వ్యాఖ్యాత పెట్టుకున్న ఆ నియమం వాక్తపస్సుకు కూడా సరిపోతుంది.

అర్థాన్ని ఎవరి వద్ద గ్రహించాలన్న ప్రశ్నకు మీమాంసకులు ఇచ్చిన సమాధానం, సంప్రదాయమంటే సంకుచితత్వమనుకునేవారు తప్పక తెలుసుకోవలసినది. పిక, నేమ, సత, తామరస వంటి మాటలు వేదంలో ఉండి ఆర్యుల వాడుకలో లేనప్పుడు, ధాతువులు తవ్వి వ్యుత్పత్తిని కల్పించుకోవాలా, లేక వాటిని వాడుకలో నిలుపుకున్న మ్లేచ్ఛుల వద్ద అర్థం తెలుసుకోవాలా అని చర్చించి, వాడుకగలవారి అర్థమే గ్రాహ్యమని వారు తీర్మానించారు. తామరసమంటే తామర అని తెలిసినప్పుడు తెలుగువారి పెదవులపై చిరునవ్వు రాక మానదు. ఈ సందర్భంలోనే కుమారిలభట్టు తంత్రవార్తికంలో, ద్రావిడభాషలో పామును తెలిపే మాటను సంస్కృతంలోని పాపశబ్దంగా మార్చుకొని, పాము పాపిష్ఠిదే కదా అని సమర్థించుకునే పండితమ్మన్యులను ఎత్తిపొడిచాడు. తెలియనిదాన్ని తనకు తెలిసినదానిలోకి వంచి ఇరికించడం చదువుకున్నవారికి పట్టే వ్యాధి. చదువురానివారు కనీసం అడుగుతారు. బౌద్ధుడని ప్రసిద్ధుడైన అమరసింహుడి కోశాన్ని శ్రోత్రియుల ఇళ్లలో బాలురు వేకువనే వల్లెవేశారు, దానికి గురుబాలప్రబోధిక అన్న తెలుగు టీక కూడా వెలసింది. స్వర్గవర్గంతో ఆరంభమయ్యే ఆ కోశం కంఠస్థమయ్యాకనే కావ్యం చేతికి ఇచ్చేవారు. పదాలు ముందు వచ్చి గ్రంథం వెనుక వచ్చేది. నేడు గ్రంథం ముందు వచ్చి పదం కోసం వెతుకులాట వెనుక వస్తున్నది. ఆ వెతుకులాటలో 1852లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ప్రకటించిన నిఘంటువును తెరిచే తెలుగు పండితులు ఇప్పటికీ ఉన్నారు, అది తెరవడానికి వారెవరూ ఆయన కులగోత్రాలు అడగలేదు.

అపరిచితపదం తన అపరిచయాన్ని దాచుకోదు, అదే దానిలోని నిజాయతీ. అంతకన్న ప్రమాదకరమైనవి పరిచితంగా కనిపిస్తూ లోపల అర్థం మారిపోయిన పదాలు. ఉద్యోగపర్వంలోని ఉద్యోగం నెలజీతానికి చేసేది కాదని చాలామందికి తెలుసు. సంసారసాగరమన్నప్పుడు మాత్రం భార్యాబిడ్డలను తలచుకొని నిట్టూర్చే గృహస్థులు నేటికీ తక్కువేమీ కారు. జననమరణప్రవాహమన్న అర్థం దృష్టికి రాకపోవడంతో ఏ పాపమూ ఎరుగని ఇల్లాలు దాటవలసిన సముద్రమైపోతుంది. అభిమానం మరీ విచిత్రమైనది. తెలుగులో అది ప్రేమాదరాలకు పర్యాయమై, చివరకు సినిమా నటుల పేరిట సంఘాలు వెలిసేదాకా వచ్చింది. ఆ అలవాటుతో వేదాంతగ్రంథంలో ‘దేహాభిమానం’ చదివినవాడికి ఒంటి మీద ప్రీతి అని తోస్తుంది, దేహమే తాననుకునే భ్రాంతి అన్న అసలు అర్థం తప్పిపోతుంది. ప్రీతిని తగ్గించుకోవడానికి ఉపవాసాలు చాలు, భ్రాంతి తొలగడానికి విచారణ కావాలి. ఒక్క పదం పొరబడినందువల్ల ఏళ్ల తరబడి సాగిన సాధన తప్పుదారి పట్టడం కల్పన కాదు; దేహాన్ని శోషింపజేసి, ఆ శోషింపజేసినవాణ్ణి తానేనని గర్వించేవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.

అర్థం తెలియడం వల్ల మొదట అందే ఫలం రసం. పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం నోటికి రాని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. వైకుంఠంలో శ్రీహరి విశ్రమించి ఉన్న చోటును వర్ణించే పద్యంలోని ‘ఇందుకాంతోపలం’ అన్న మాట బాల్యం నుంచి నాలుక మీద ఆడుతూనే ఉంటుంది, అర్థం మాత్రం నడివయస్సు దాకా తట్టనివారు ఎందరో. ఇందుకాంతోపలమంటే చంద్రకాంతశిల, వెన్నెల సోకితే కరిగి నీరు స్రవిస్తుందని కవులు చెప్పే రాయి. అమృతసరస్సు ఒడ్డున, ఆ రాతి మీద పరచిన కలువల పానుపుపై స్వామి రమాదేవితో వినోదిస్తూ ఉండగా, ఎక్కడో మడుగులో మొసలి నోట చిక్కిన ఏనుగు మొర ఆయన చెవిన పడుతుంది. శంఖచక్రాలను సవరించుకోక, పరివారాన్ని పిలవక, లక్ష్మీదేవితో కూడా ఒక మాట చెప్పక ఆయన బయలుదేరిన తొందర అందరికీ తెలిసినదే. కరిగే శిల అన్న అర్థం తెలిసిన తరువాత ఆ తొందరకు పూర్వరంగం ఆ పానుపు కిందే కనిపిస్తుంది: పిలుపు సోకితే కరిగిపోయే ప్రభువుకు, కిరణం సోకితే కరిగిపోయే శిల ఆసనమైంది. రాయికి కూడా ఆర్ద్రత ఉన్న లోకం అది. కవి దీనిని ఉద్దేశించాడా లేదా అన్న మీమాంస పండితులకు వదిలివేయవచ్చు; వెయ్యిసార్లు చదివిన పద్యం వెయ్యిన్నొకటోసారి కొత్తగా వినిపించడమే భక్తుడికి కావలసినది.

రసం వెనుక వచ్చేది శాసనం. దీనికే చదువరి మనస్సు వెనుకాడుతుంది. పిశునుడంటే కొండెగాడు, ఇతరుల లోపాలను మరొకరి ముందు వెల్లడించడం పైశున్యమనీ, అది లేకపోవడం అపైశునమనీ శంకరభగవత్పాదుల భాష్యతాత్పర్యం. చాడీలు చెప్పకపోవడమని వాడుకమాటలో అనుకుంటే ఇందులో గూఢమేమీ లేదు. గూఢత విడిపోవడంతోనే ఇబ్బంది మొదలవుతుంది. అర్థం తెలియనంతకాలం అపైశునం ఒక గంభీరనాదం, పలికితే పుణ్యం. తెలిసిన నాటి సాయంత్రమే, వసారాలో కూర్చొని తోడికోడలి గురించో పొరుగింటివారి గురించో పైఅధికారి గురించో మొదలుపెట్టబోయిన మాట గొంతులో అడ్డుపడుతుంది. అచాపలమంటే ప్రయోజనం లేనిదే వాక్కునూ చేతులనూ కాళ్లనూ కదపకపోవడమని భాష్యకారులు చెప్పారు; కారణం లేకుండానే వేలు ఫోన్ తెరను తడుముతూ ఉండే ఈ కాలంలో ఆ పదానికి అర్థం తెలియకపోవడం ఎంత సుఖమో చెప్పనక్కరలేదు. అలోలుప్త్వం అంటే విషయాలు ఎదుట నిలిచినా ఇంద్రియాలు చలించకపోవడం. హ్రీ అంటే సిగ్గు, చేయరానిది చేయబోయినప్పుడు లోలోపల పుట్టే సంకోచం. కఠినపదాలను దాటవేయడానికి సోమరితనమే కారణమని సాధారణంగా చెబుతారు. సోమరితనం పైపొర, దాని అడుగున, తెలిస్తే ఆచరించవలసి వస్తుందన్న భయం పొంచి ఉంటుంది, తెలియలేదన్న సాకుకు అది చల్లని నీడ.

ఎనిమిది మార్గాలలో శిరోమణి వ్యవహారమని శాస్త్రకారుల మాట. ఒక పెద్ద ‘ఆవును తీసుకురా’ అంటాడు, మరొకరు వెళ్లి తెస్తారు, పక్కన ఉన్న శిశువు చూస్తాడు. ఇంకొకసారి ‘ఆవును కట్టివేయి, గుర్రాన్ని తీసుకురా’ అన్న మాట వినబడుతుంది. ఒక పదం తొలగి మరొకటి చేరినప్పుడు చేష్టలో ఏది మారిందో ఏది నిలిచిందో గమనించి, ఏ మాటకు ఏది అర్థమో శిశువు నిశ్చయించుకుంటాడు. ఈ చేర్పు తొలగింపులకే ఆవాపోద్వాపాలని పేరు. వ్యాకరణం ఎరుగని, కోశం పట్టలేని పసివాడికి భాష ఈ దారినే అబ్బింది కనుక, కోశాలన్నీ చివరకు వ్యవహారం మీదనే నిలబడి ఉన్నాయి. క్షమ అంటే ఓర్పు అని నిఘంటువు చెబుతుంది, ఓర్పు అంటే ఏమిటని తిరిగి అడిగితే క్షమ అనే చెప్పవలసి వస్తుంది. ఈ చక్రం నుంచి బయటపడడానికి క్షమించేవారిని చూడడం తప్ప వేరే దారి లేదు. ఉదయం తనను తూలనాడి వెళ్లినవాడు మధ్యాహ్నం ఆకలితో తిరిగివస్తే ఏమీ జరగనట్లు విస్తరి వేసి వడ్డించిన తల్లిని చూసిన బిడ్డకు ఆ పదం శక్తితో సహా తెలుస్తుంది. అదే ఇంట్లో క్షమ తొలగి కోపం వచ్చి చేరిన రోజున వడ్డించే చేయి, పలకరించే గొంతు, దీపం పెట్టే తీరు ఎలా మారాయో చూశాక ఆ తెలివి దృఢపడుతుంది. దీనిని బట్టి పెద్దల మీద ఎంత భారం ఉందో ఊహించవచ్చు. వారు ధర్మమన్న పదాన్ని పలుకుతూ వేరొకటి చేస్తూ ఉంటే, బిడ్డకు ధర్మపదం తెలియకుండా పోదు. వారు చేసినదే దానికి అర్థమని తెలుస్తుంది. శిష్యుణ్ణి గురువు ఏళ్ల తరబడి సన్నిధిలో ఉంచుకొని శుశ్రూష చేయించుకోవడంలోని పరమార్థం కూడా ఇదే. పాఠం కొన్ని నెలలలో ముగుస్తుంది, ఆ పాఠంలోని పదాలకు గురువు నడవడిలో అర్థం చూడడానికి ఏళ్లు పడుతుంది.

సనత్కుమారుణ్ణి ఆశ్రయించిన నారదుడు, నాలుగు వేదాలు మొదలు తాను చదివిన విద్యలన్నిటినీ ఏకరువు పెట్టి, ఇన్ని చదివినా తాను మంత్రవేత్తనే కాని ఆత్మవేత్తను కానని వినయంతో ఒప్పుకున్న వృత్తాంతం ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో ఉంది. నీవు చదివినదంతా నామమేనని సనత్కుమారుడు అన్నాడు. ఆ మాట విని నామాన్ని పారవేయమన్నాడని అనుకునేవారు పూర్తిగా చదవలేదన్నమాట. నామాన్నే బ్రహ్మంగా ఉపాసించమని చెప్పి, నామం కన్న వాక్కు, వాక్కు కన్న మనస్సు గొప్పవంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కించి, భూమతత్త్వం దాకా ఆయన నారదుణ్ణి నడిపించాడు. మెట్లలో మొదటిది నామం. మొదటిమెట్టు దాటవేసి పైమెట్టు ఎక్కినవారెవరూ ఆ ఉపనిషత్తులో లేరు.

పారాయణం నడుమ ఆగరాదన్న నియమం ఉన్నవారు దాన్ని భంగపరచనక్కరలేదు. తెలియని పదం కింద పెన్సిలుతో సన్నని గీత గీసుకొని, పారాయణం ముగిశాక, ముందు పదచ్ఛేదం, తరువాత ప్రతిపదార్థం, ఆపైన నిఘంటువు అన్న వరుసలో చూడవచ్చు. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరం ఇప్పుడు అంతర్జాలంలోనే ఖర్చు లేకుండా దొరుకుతున్నది, వెతకడానికి ఓపిక లేదనే తప్ప వీలు లేదనే మాటకు తావు లేదు. రోజుకు ఒక్క పదం చాలు. ఆ ఒక్క పదం ఆ రోజు ఎవరి నడవడిలో కనిపించిందో పడుకోబోయే ముందు ఒకసారి తలచుకోవడం మరింత మేలు. కోశంలో చిక్కని మాట కోసం పెద్దలను అడగడానికి మొహమాటపడవద్దు. ఊరి ఆలయంలోని అర్చకులు, విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితులు, అవధానాలు చూస్తూ పెరిగిన వృద్ధులు ఎందరో అడిగేవారు లేక ఊరకున్నారు. వెళ్లి అడగండి.